పన్నెండు గీతలు

పదేళ్ల కిందట విశాఖ రేవులో ఒక కంటైనరు మూడు గంటలపాటు గాలిలో వేలాడింది.

కింద ఓడ, ఓడ పక్కన లారీల బారు, లారీల చుట్టూ నోరెళ్లబెట్టిన జనం. పైన నలభై మీటర్ల ఎత్తున, క్రేన్ క్యాబిన్‌లో మళ్ల సూరిబాబు. అతను కంటైనర్‌ని దించడం లేదు. అటూ ఇటూ ఊపుతూ వైర్‌లెస్ సెట్‌లో పాటలు పాడుతున్నాడు. మధ్యమధ్య ప్రకటనలు కూడా చేస్తున్నాడు. ఆరు రాత్రులుగా తను కన్ను మూయలేదని, ఇక ఆ అవసరమే లేదని, రేపటినుంచి ఓడల్నే ఎత్తి ఒడ్డున పెడతానని.

అతన్ని దింపింది అక్క హైమావతి. అప్పటికామె మెదడు వైద్యం చదువుతోంది. సూపర్‌వైజర్ చేతిలోంచి సెట్ లాక్కుని, "ఒరే సూరీ, పొద్దున్నించి ఏమీ తిన్లేదురా. నువ్వు దిగితేగాని నాకు భోజనం లేదు" అంది. పాట ఆగింది. కంటైనరు మెల్లగా, పువ్వు దించినట్టు లారీ మీదికి దిగింది.

తర్వాత నాలుగు నెలలు అదే మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్నానం చెయ్యమంటే ఏడ్చేవాడు.

డాక్టర్లు జబ్బు పేరు చెప్పారు. బైపోలార్ డిజార్డర్. లిథియం మాత్రలు ఇచ్చారు. పనిచేశాయి. కాని సూరిబాబుకి వాటితో చెయ్యి వణికేది, వణికే చేతికి క్రేన్ ఇవ్వరు. మందు మార్చారు. పగలంతా మత్తు. ఇంకోటి ఇచ్చారు. ఒళ్లంతా దద్దుర్లు. కరెంటు చికిత్స అతన్ని గోడ దగ్గర్నించి లేపింది గాని, ఆ ముందటి కొన్ని నెలల జ్ఞాపకాలు చెదిరిపోయాయి. చివరికి మళ్లీ లిథియం దగ్గరికే వచ్చి ఆగారు.

"మాత్ర ఏసుకుంటే సెయ్యి నాది కాదు. మానేస్తే బుర్ర నాది కాదు. ఏటి సెయ్యమంటావే అక్కా?" అని అడిగాడొకసారి.

ఆ ప్రశ్నకి జవాబు తయారుచేయడానికి హైమావతికి తొమ్మిదేళ్లు పట్టింది. దాని పేరు గట్టు.

చింతగింజంత పరికరం. కాలర్ ఎముక కింద, చర్మం లోపల పెడతారు. నిద్ర, నాడి, నడక, గొంతు, ఈ నాలుగూ రాత్రింబవళ్లు గమనిస్తుంది. మనసులో పొంగు పుట్టబోతోందంటే తొమ్మిది రోజుల ముందే పసిగడుతుంది. లిథియం మందునే ఎంత కావాలో అంత, చుక్కలో నూరోవంతు చొప్పున వదులుతుంది. అందుకే చెయ్యి వణకదు.

చిక్కల్లా ఒకటే. ఒంట్లో ఇంకా ఎంత మందు మిగిలుందో దానికెలా తెలియాలి? రక్తంలో పెట్టిన సెన్సర్లు ఆరు నెలలకే పూడుకుపోయేవి. నాలుగు విదేశీ కంపెనీలు అక్కడే చేతులెత్తేశాయి. హైమావతి దారి మార్చింది. రక్తం వదిలేసి చెమటని పట్టుకుంది. చెమటలో పోయే ఉప్పుల తీరు చూసి, లోపల మిగిలిన మందుని లెక్కగట్టే సూత్రం రాసింది. ప్రొఫెసర్ ఇవటూరి ఆ కాగితం చదివి కళ్లజోడు తీసి, "హైమా, ఉక్కపోత ఊళ్లో పుట్టినవాళ్లకే ఇలాంటి బుద్ధి పుడుతుంది" అన్నాడు.

పన్నెండు మందిని ఎంచారు. ఆరో మనిషి సూరిబాబు. ఏడో మనిషి జరీనా, విజయనగరంలో పదో తరగతికి లెక్కలు చెప్పే పంతులమ్మ. ప్రయోగశాల గోడమీద పెద్ద తెర, తెరమీద పన్నెండు గీతలు. పచ్చగా, తిన్నగా సాగుతుంటే అంతా బాగున్నట్టు.

పరికరం పెట్టిన రోజు తల్లి చెల్లాయమ్మ అనకాపల్లి నుంచి వచ్చింది. కొడుకు బాగోగులు చూసేది తనే కాబట్టి సంతకం ఆమెది. నలభై పేజీల కాగితాలు చూసి భయపడింది.

"ఇందలేటుందే?"

"ఏముంటుందమ్మా, రూల్సు. చెయ్యి పెట్టు."

"మందన్నాక పత్తెం ఉండాల కదే. మాత్తర్లప్పుడు అన్ని సెప్పినారు. నీళ్లెక్కువ తాగాలని, అది తినాలని, ఇది మానకూడదని."

హైమావతి నవ్వింది. ఆ రోజు ఆమెకి నేలమీద కాళ్లు ఆనడం లేదు. "అవన్నీ మాత్రల కాలం నాటి మాటలు. ఇది మాత్ర కాదు. దీనికి బుర్రుంది. ఇక మీరెవ్వరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అదే చూసుకుంటుంది."

పదిహేడో పేజీలో తిండి గురించి నాలుగు వరసలున్నాయి. ఆ పేజీ తిప్పి, సంతకం చెయ్యాల్సిన చోట వేలు పెట్టి చూపించింది.

నాలుగు నెలలు వారంవారం రక్తపరీక్ష చేశారు. ప్రతిసారీ చెమట లెక్కా రక్తం లెక్కా అచ్చుగుద్దినట్టు కలిశాయి. అయిదో నెలనుంచి నెలకొక్కసారి చాలన్నారు. ఫిబ్రవరిలో రేవువాళ్లు సూరిబాబుకి చేతి పరీక్ష పెట్టారు. తీగకి వేలాడదీసిన ఇనపగుండుని పీపాలోకి, అంచు తగలకుండా ఇరవైసార్లు దింపాలి. ఇరవైసార్లూ దింపాడు. మార్చి మొదటివారంలో క్యాబిన్ ఎక్కి అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా! ఇక్కణ్ణించి డాల్ఫిన్ కొండ మొత్తం కనిపిస్తందే. పదేళ్లయినాది దాని మొకం సూసి."

"పని చూడరా ముందు. కొండెక్కడికీ పోదు."

ఫోన్ పెట్టేసి బాత్రూములోకి వెళ్లి ఏడ్చింది. ఏడుపయ్యాక మొహం కడుక్కుని తెర దగ్గరికొచ్చింది. ఆరో గీత పచ్చగా ఉంది.

ఏప్రిల్లో ఒక ఆదివారం హైమావతి అనకాపల్లి వెళ్లింది. తల్లి ఆమెకి ఆకులో వడ్డించింది. గుత్తివంకాయ, మెంతికూర పప్పు, ఆవకాయ. సూరిబాబు మాత్రం మూలన స్టీలు గిన్నెలో ఏదో కలుపుకు తింటున్నాడు.

"అదేంట్రా, ఇలా వచ్చి కూర్చో."

"నువ్వు తినే. నాకిది సాలు."

"వొళ్లు తగ్గిద్దారనుకున్నాడులే, క్రేన్ నిచ్చెన ఎక్కాల కదా" అంది చెల్లాయమ్మ. తల్లీ కొడుకూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

భోజనమయ్యాక సూరిబాబు మజ్జిగ గ్లాసెత్తాడు. గ్లాసు పళ్లకి తగిలి టకటకమంది. కాస్త మజ్జిగ చొక్కామీద ఒలికింది. చటుక్కున గ్లాసు దించేసి, చెయ్యి తొడకింద పెట్టుకున్నాడు.

హైమావతి చూసింది. చూసి, ఫోన్ తీసింది. ఆరో గీత పచ్చగా, తిన్నగా ఉంది. కింద చిన్న అక్షరాల్లో: మందు కొద్దిగా తగ్గుతోంది, సర్దుబాటు జరుగుతోంది.

"డబుల్ డ్యూటీ చేస్తున్నావా?"

"వారంలో రెండుసార్లే."

"తగ్గించు. నిద్ర తక్కువైతే చేతులు అలాగే ఉంటాయి."

అంతే. కళ్లెదుట ఉన్న చేతినొదిలేసి, చేతిలో ఉన్న తెరని నమ్మింది. రక్తపరీక్ష ఇంకా పదకొండు రోజులుంది. ముందే చేయిద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. తమ్ముడని రూలు తప్పిస్తే ప్రయోగం పాడవుతుందని ఆ ఆలోచనని తనే తోసేసింది.

ఆ గురువారం పొద్దున్న పదీ నలభైకి ఫోన్ మోగింది. రేవు సూపర్‌వైజర్ దాలినాయుడు. పదేళ్ల కిందట సెట్ పట్టుకుని నిలబడ్డ మనిషే.

"మేడమ్, మీ తమ్ముడు మళ్లీ మొదలెట్టీసినాడు."

"ఏం చేశాడు?"

"పైన కంటైనరాపీసి కూకున్నాడు. దించమంటే ఏటో అంతన్నాడు. మాట ముద్దముద్దగొస్తంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెల్డం నేదు. బ్రేకేసీసి ఊగుతున్నాడు మేడమ్. కింద నా కుర్రోళ్లు తొమ్మిదిమందున్నారు."

హైమావతి తెరవైపు తిరిగింది. ఆరో గీత పసుపులోకి మారుతోంది. నాడి వేగం. నిద్ర మూడు రోజులుగా ముక్కలుముక్కలు. గొంతు తేడా. కింద ఎర్ర అక్షరాలు: మందు బాగా తక్కువ. పొంగుకి అవకాశం ఎనభై ఆరు శాతం. అదనపు మోతాదుకు అనుమతి కావాలి.

ఆ అనుమతి ఇవ్వగలిగింది ప్రయోగశాలలో ఒక్కరే. ఆవిడే.

పదేళ్ల కిందటి కంటైనరు ఆమె కళ్లముందు ఊగింది. ముద్దమాట, ఊగడం, మాట వినకపోవడం. ఇంకెవరి విషయంలోనైనా మరో కారణం వెతికేదేమో. సూరిబాబు అనేసరికి, అందరూ అనుకున్నదే ఆమే అనుకుంది. తలమీద ముద్ర పడ్డవాడికి వేరే జబ్బు రాదన్నట్టు.

మీట నొక్కింది.

"ఇరవై నిమిషాల్లో తగ్గుతుంది దాలినాయుడుగారూ. ఎవరూ అరవకండి. అతన్ని కంగారుపెట్టకండి" అంది.

ఇరవై నిమిషాలకి తగ్గలేదు. సూరిబాబు సెట్‌లో ఒకే మాట పదేపదే అంటున్నాడు. చాలాసేపటికి గాని ఎవరికీ అర్థంకాలేదు. "సెయ్యి ఇన్నేదు... సెయ్యి ఇన్నేదు... కిందోళ్లని తీసీండి..." చెయ్యి మాట వినడం లేదు, కిందనున్నవాళ్లని తీసెయ్యండి అంటున్నాడు. అందుకే బ్రేకు వేశాడు. పిచ్చెక్కి కాదు. మొత్తం రేవులో తెలివిగా పనిచేసింది ఆ పూట అతనొక్కడే.

పదకొండున్నరకి క్యాబిన్‌లోనే మూర్ఛ వచ్చింది. తాళ్లు కట్టి దింపారు.

ఆస్పత్రిలో రక్తం తీశారు. లిథియం ఉండాల్సినదానికి అయిదురెట్లు. ల్యాబువాళ్లు నమ్మక మళ్లీ తీశారు. మళ్లీ అంతే. కిడ్నీ యంత్రానికి తగిలించారు. తెరమీద మాత్రం ఆరో గీత ఇంకా మొండిగా అంటూనే ఉంది: మందు తక్కువ, మందు తక్కువ.

మూడు రోజులు హైమావతి ఆ అంకెల్ని తలకిందులు చేసి చూసింది. చెమటలో మందు లేదు. రక్తంలో మందు పొర్లిపోతోంది. సూత్రం ప్రకారం అది జరగడానికి వీల్లేదు. ఒంటికి ఉప్పే అందకపోతే తప్ప. అప్పుడు కిడ్నీ ఉన్న ఉప్పుని వదలదు, దాంతోపాటు లిథియాన్నీ పట్టి ఉంచేస్తుంది. చెమట చప్పగా వస్తుంది. ఆ చప్పటి చెమట చూసి మందు అయిపోయిందనుకుని గట్టు ఇంకా ఇంకా పోస్తుంది. కాని ఆవకాయ లేందే ముద్ద దిగని ఇంట్లో ఉప్పు అందకపోవడమేమిటి?

నాలుగో రోజు మధ్యాహ్నం ఐసీయూ బయట నడవాలో జవాబు దొరికింది. నర్సు గంజి కలుపుతోంది. చెల్లాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలుతోంది.

"ఉప్పెయ్యకమ్మా. నీకు దండమెడతాను. ఇంకా ఆరు రోజులే ఉన్నాది."

హైమావతి దగ్గరికి వచ్చింది. "ఆరు రోజులేంటమ్మా?"

తల్లి ఉలిక్కిపడి చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది. "బయటకి సెప్పకూడదే. సెప్తే పలం పోద్ది. నూకాలమ్మ తల్లికి మొక్కుకున్నాను. బాబు మళ్లా కిరేనెక్కితే తల్లీకొడుకులం నలభై రోజులు సప్పిడి తింతామని. ఉప్పు ముట్టమని. ముప్పైనాలుగు అయినాయి. మజ్జలో ఆపీస్తే తల్లి ఊరుకుంటాదా? సూడు, ముప్పైనాలుగు రోజులు సేసినాం కాబట్టే బతికినాడు నా గుంటడు."

హైమావతి తల్లి భుజం పట్టుకుంది. "వాణ్ణి అడగలేదా నువ్వు? మాత్రల రోజుల్లో డాక్టరు ఉప్పు మానొద్దన్నాడని వాడికి తెలుసు కదా."

"అడిగినాడే. 'మరి ఉప్పు మానొచ్చేటమ్మా' అన్నాడు. నానే సెప్పినాను. అక్క సెప్పింది కదరా, ఏదీ గుర్తెట్టుకోనక్కర్లేదని, అదే సూసుకుంటాదని."

నర్సు గిన్నె పట్టుకుని ఎవరి మాట వినాలో తెలియక నిలబడింది. హైమావతి గిన్నె అందుకుంది. ఉప్పు కలపాలి. తల్లి కళ్లముందు కలపలేకపోయింది. లోపలికి తీసుకెళ్లి, తలుపు మూసి కలిపింది.

సూరిబాబు బతికాడు. బతికినవాడు మాత్రం క్రేన్ ఎక్కిన సూరిబాబు కాదు. చిన్నమెదడు దెబ్బతింది. లేచి నిలబడితే తాగినవాడిలా తూలతాడు. చెంచా నోటికి కాకుండా చెవివైపు పోతుంది. మాట ముక్కలై వస్తుంది. తిరిగి వచ్చేది కాదని స్కానింగ్ తీసిన డాక్టరు ముఖంమీదే చెప్పాడు. బుర్ర మాత్రం నీళ్లంత తేటగా ఉంది. అదీ శిక్ష.

పన్నెండో రోజున అక్కని దగ్గరికి రమ్మని సైగచేశాడు. అయిదు నిమిషాలు పట్టింది ఆ నాలుగు మాటలకీ.

"ఉ...ప్పే కదే?"

హైమావతి తలూపింది.

"అమ్మకి... సెప్పకు."

"సూరీ, పైవాళ్లు అడుగుతారురా..."

"సెప్పకు. సచ్చిపోద్ది." తల దిండుమీద అటూ ఇటూ కొట్టుకున్నాడు. అదుపులేని చెయ్యి ఒకటి వచ్చి ఆమె చెంపకి తగిలింది. నిమురుదామనుకున్నాడని ఆమెకి తెలుసు. "ఒట్టు... ఎయ్యి."

వేసింది.

ప్రొఫెసర్ ఇవటూరి తన గదిలో తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన అక్క ఇదే జబ్బుతో ఇరవై ఏళ్లు గదిలో ఉంది.

"విచారణ సంఘం సోమవారం వస్తుంది. కారణం తెలిస్తే బతుకుతాం హైమా. వాడకంలో పొరపాటనో, తిండిలో మార్పనో, ఏదో ఒకటి. ఏం జరిగిందో తెలిస్తే ఆ లోపం సరిచేసి ముందుకు పోవచ్చు. కారణం తెలియలేదంటే మాత్రం ఒక్కటే రూలు. మిగతా పదకొండు మందికీ తీసెయ్యాలి. గట్టు మళ్లీ ఎవరి ఒంట్లోకీ పోదు."

"తిండిలో మార్పని రాస్తే?"

"మంచిదే. కాని ఊరికే రాస్తే నమ్మరు. ఇంట్లో వండిపెట్టిన మనిషి వాంగ్మూలం కావాలి. మీ అమ్మగారిని కూర్చోబెట్టి, ఏం పెట్టారు, ఎందుకు పెట్టారు, దానివల్లే ఇలా అయిందని తెలుసా అని అడుగుతారు. సంతకం తీసుకుంటారు." ఆయన ఆగి ఆమె మొహం చూశాడు. "నీకేదో తెలుసు."

"తెలియదు సార్."

"తమ్ముడి విషయం అని..."

"తెలియదు సార్."

ఇంటికెళ్లి ఆలోచించింది. వాడు తనంతట తనే మానేశాడని రాయొచ్చు. కాని ఉప్పు అన్న మాట నివేదికలో ఎక్కడ కనిపించినా విచారణ తిన్నగా అనకాపల్లి వంటింటికే పోతుంది. చెల్లాయమ్మకి అబద్ధం చెప్పడం రాదు. నూకాలమ్మ పేరెత్తుతుంది. ముప్పైనాలుగు రోజులూ వేళ్లమీద లెక్కపెట్టి చెబుతుంది. ఎదుటివాళ్ల మొహాలు చూసి, అప్పుడు అర్థం చేసుకుంటుంది.

తల్లి ఇప్పుడు ఇంట్లో ఏం చేస్తోందో కూడా హైమావతికి తెలుసు. కొడుకు మొక్కు మధ్యలో ఆగిపోయిందని, ఆ మిగిలిన రోజులు కూడా తనే చేస్తోంది. వాడు నడిచేదాకా చేస్తానంటోంది. అంటే చచ్చేదాకా.

సోమవారం హైమావతి నివేదిక ఇచ్చింది. రెండు పేజీలు. పరికరం లెక్క తప్పింది. కారణం కనుక్కోలేకపోయాం. చివరి అదనపు మోతాదు పూర్తిగా నా నిర్ణయం, ఎదురుగా మనిషిని చూడకుండా, పాత జబ్బే అనుకుని ఇచ్చాను. ఆ చివరి వాక్యం ఒక్కటే పూర్తి నిజం. ఆమె డాక్టరు లైసెన్సుని తర్వాత రద్దు చెయ్యడానికి అదే చాలుతుంది. దాని గురించి ఆమె ఆలోచించలేదు.

ఇవటూరి కాగితం చదివాడు. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకోలేదు.

తొలగించే పని రెండు వారాల్లో ముగించాలి. కోత కోసేది సర్జన్. అంతకుముందు పరికరాన్ని ఆపాలి, దానికి హైమావతి రహస్య అంకెల సంకేతం కావాలి. ఆమె లైసెన్సు ఇంకా బతికుంది కాబట్టి, ఆ పని ఆమే చెయ్యాలన్నారు. రోజుకొకరు. తెరమీద ఒక్కో గీతా ఆగుతూ వచ్చింది. ఒకాయన తిట్టాడు. ఒకమ్మాయి వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ఒకాయన రానేలేదు. పోలీసులతో పిలిపించారు.

ఆఖరున జరీనా వచ్చింది. బస్సులో, ఒక్కతే. చేతిసంచిలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు.

"ఎదురుచూస్తూ కూర్చోవాలంటారని తెచ్చుకున్నా మేడమ్. రేపటికి మార్కులివ్వాలి" అని నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "మళ్లీ మాత్రలేనా?"

"అవే. వాటితోనూ బాగానే ఉండొచ్చు జరీనాగారూ. చాలామంది ఉంటున్నారు."

"ఉంటారు. నేనూ ఉన్నాను కదా ఆరేళ్లు. బోర్డు మీద గీత గీస్తే పామైపోయేది. వెనక బెంచీలవాళ్లు ఊదేవాళ్లు, నాగస్వరం." ఆమె తన కుడిచేతిని చూసుకుంది. "ఈ ఏడు ఒక్కడూ ఊదలేదు."

హైమావతి మందుల చీటీ రాసింది. మోతాదు, రక్తపరీక్ష తేదీ. కింద, ఉప్పు మానకూడదు, తగ్గించకూడదు, ఎవరు చెప్పినా సరే, అని రాసింది. దానికింద రెండు గీతలు గీసింది. జరీనా చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది.

సర్జన్ లోపల సిద్ధంగా ఉన్నాడు. హైమావతి ట్యాబ్లెట్ తెరిచింది. సంకేతంలో ఎనిమిది అంకెలు. ఏడు కొట్టింది.

"ఒక్క మాట మేడమ్. కారణం దొరికిందా?"

హైమావతి తలెత్తలేదు. "లేదు."

"అసలేమీ?"

"ఏమీ."

జరీనా కాసేపు ఆలోచించింది. లెక్క తప్పిన పిల్లవాడి పేపరు చూసి ఎక్కడ తప్పాడో వెతికేవాళ్లలా, కళ్లు చిన్నవి చేసుకుని. తర్వాత ఆ వెతుకులాట మానేసింది. చెయ్యి చాచి, డాక్టరు భుజం మెల్లగా తట్టింది.

"పోన్లెండి, మీరు బాధపడకండి. మావాళ్లు కొందరు అంటున్నారు, పెద్ద డాక్టర్లు ఏదో దాస్తున్నారని. నేను ఒప్పుకోలేదు. సొంత తమ్ముడికి జరిగింది కదా, తెలిస్తే ఆవిడ చెప్పకుండా ఉంటారా అన్నాను."

హైమావతి ఎనిమిదో అంకె నొక్కింది.

జరీనా జాకెట్టు అంచు సర్దుకుని, కాలర్ ఎముక మీద ఒకసారి వేళ్లతో తడుముకుని, సర్జన్ గదిలోకి నడిచి వెళ్లింది. పరీక్ష పేపర్ల సంచి కుర్చీలోనే ఉండిపోయింది. బయట కూర్చున్నప్పుడు దిద్దినట్టుంది, పైనున్న పేపరు మీద ఎర్రసిరాతో మార్కులు వేసి ఉన్నాయి. సున్నా గుండ్రంగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది.